మావాడి పేరు మల్లికార్జున్, పూర్తిగా పిలవండి

మావాడికి మా మామగారి పేరే పెట్టుకున్నాం. అప్పట్లో చాలామంది అన్నారు, అమెరికాలో ఇంత పేరు ఎవరు పలుకుతారు, ఏ నీల్ అనో రయాన్ అనో పెట్టేయకూడదా అని. ఇప్పుడు వాడు ఫిఫ్త్ గ్రేడ్. అటెండెన్స్ తీస్తూ టీచర్ ఒక్క క్షణం ఆగితే చాలు, తర్వాతది తన పేరేనని తెలిసిపోయి, పలక్కముందే "హియర్" అనేస్తాడంట. అది విని మనసు చివుక్కుమంది.

వాడేమో అర్జున్ అంటే బాణాలేసే అర్జునుడే అనుకుంటున్నాడు. కాదు నాన్నా, నీది శ్రీశైలం మల్లన్న పేరు అని కూర్చోబెట్టి చెప్పా. మల్లిక అంటే మల్లె, అర్జున అంటే తెలుపు. చంద్రావతి అనే రాజకుమారి స్వామిని మల్లెపూలతో కొలిచిందని, అందుకే ఆ పేరని ఒక కథ. ఇంకో కథలో మల్లిక అంటే పార్వతి, అర్జున అంటే శివుడు, కుమారస్వామి అలిగి క్రౌంచ పర్వతానికి వెళ్ళిపోతే అమ్మానాన్నా వెతుక్కుంటూ వచ్చి ఆ కొండమీదే ఉండిపోయారంట. ఇది వాడికి తెగ నచ్చింది, అలిగితే మీరూ వస్తారా అని ఒకటే ప్రశ్నలు.

నల్లమల చెంచులైతే ఆయన్ని మా అల్లుడు చెంచుమల్లయ్య అంటారు, దేవుణ్ణి అంత సొంతం చేసుకోవడం నాకెంత ఇష్టమో. కొమురవెల్లిలో మల్లన్న కథని ఒగ్గు కథగా చెప్తారు, కన్నడంలో 12వ శతాబ్దపు శివభక్తురాలు అక్కమహాదేవి రాసిన వచనాలన్నీ చెన్నమల్లికార్జునుడికే, మల్లయ్య మల్లేశం మల్లేశ్వరరావు అన్నీ ఈ చుట్టాలే. శ్రీశైలంలో శివరాత్రి రాత్రి స్వామికి చుట్టే పాగా సంగతి చెప్తే మాత్రం నోరెళ్ళబెట్టాడు. రోజుకో మూర చొప్పున ఏడాదంతా నేసిన పాగాని చీరాల వైపు నేతన్న తెచ్చి, గుళ్ళో లైట్లన్నీ ఆర్పేశాక ఆ చీకట్లో శిఖరానికి, నందులకి చుడతాడు. మూరంటే ఎంత అన్నాడు, మోచేతి నుంచి వేలి చివరిదాకా అని చూపిస్తే చెయ్యి పరిచి డైనింగ్ టేబులంతా కొలిచేశాడు.

మా అత్తగారు మాత్రం వాణ్ణి పేరుపెట్టి పిలవరు, భర్త పేరు కదా, వీడియో కాల్‌లో ఎప్పుడూ చిన్నోడా అనే.

నేను టీచర్‌కి మెయిల్ పెట్టా, మల్లి-కార్-జున్ అని విడగొట్టి, నేను పలికి రికార్డ్ చేసిన ఆడియో కూడా జతచేసి. ఆవిడ శ్రద్ధగా నేర్చుకున్నారు, మంచి మనిషి. ఫ్రెండ్స్ మల్లీ అంటారు, వాడికిష్టమే, నాకూ పర్వాలేదు. స్కూల్ రికార్డుల్లో, సర్టిఫికెట్ల మీద మాత్రం ఒక్క అక్షరం కూడా తగ్గించనివ్వను.