టంకం పాకిన రోజు

మాది పాలకొల్లు. నాన్నది బంగారప్పని, తాతగారిదీ అదే. మా ఇంట్లో ఆడవాళ్లు నల్లపూసలు గుచ్చేవాళ్లు, చింతపండు నీళ్లలో నగలు మరిగించి మెరుగు పెట్టేవాళ్లు. కుంపటి ముందు మాత్రం కూర్చునేవాళ్లు కాదు. చిన్నప్పుడు నేను కమ్మచ్చులోంచి, అంటే తీగ సన్నం చేసే కన్నాల పలకలోంచి, తీగ లాగుతుంటే నాన్న మురిసిపోయేవారు కానీ, నోటితో ఊది మంటని నగ మీదకి మళ్లించే ఊదుగొట్టం మాత్రం చేతికి ఇచ్చేవారు కాదు.

మూడేళ్ల కిందట నాన్న చెయ్యి వణకడం మొదలైంది. వెండి పట్టీలకి మువ్వలు అతకడం, తెగిన గొలుసులు కలపడం లాంటి పనులు ఒక్కొక్కటీ నా చేతికొచ్చాయి. ఆయన చేసేది చూసి నేనూ అలాగే చేసేదాన్ని. కుదిరితే కుదిరేది, లేకపోతే మువ్వ కరిగి ముద్దయ్యేది. ఎందుకు కరిగిందని అడిగితే "మంట ఎక్కువైందమ్మా" అనేవారు. ఎంత ఎక్కువ, ఎక్కడ ఎక్కువ అన్నది ఆయన చేతికి తెలుసు, మాటకి తెలియదు.

చేతివృత్తుల వాళ్లకి శిక్షణ, పనిముట్లు, అప్పు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ పీఎం విశ్వకర్మ పథకం 2023 సెప్టెంబరు 17న మొదలైంది. అందులోని 18 వృత్తుల్లో మాదీ ఒకటి. నాన్న పేరు రాయిద్దామని ఇద్దరం కామన్ సర్వీస్ సెంటర్‌కి వెళ్లాం. కుటుంబానికి ఒక్కరికే ఇస్తారని, భార్యాభర్తలు, పెళ్లికాని పిల్లలు కలిసి ఒక కుటుంబమని అక్కడ చెప్పారు. నాన్న జేబులోంచి తీసిన ఆధార్ కార్డుని కాసేపు చూసుకుని మళ్లీ జేబులో పెట్టేశారు. "మా అమ్మాయి పేరు రాయండి బాబూ" అన్నారు. నేను వేలిముద్ర వేస్తుంటే ఆయన బయటికెళ్లి నిలబడ్డారు. ఆ నిమిషం నాకు ఇప్పటికీ గుర్తొస్తూనే ఉంటుంది.

మూడు అంచెల్లో పరిశీలన ఉంటుంది. మునిసిపాలిటీ వైపు నుంచి వచ్చినాయన "పని మీరే చేస్తారా అమ్మా, నాన్నగారా?" అని అడిగారు. నేను జవాబు చెప్పకుండా కమ్మచ్చు బిగించి, ఆయన ఎదుటే రెండు కన్నాల్లోంచి తీగ లాగాను. ఆయన రాసుకుని వెళ్లిపోయారు. ఆ తర్వాత నెలల తరబడి ఎదురుచూపులే. ఫోన్ మోగితే చాలు, టెన్షన్.

శిక్షణ భీమవరంలో, ఆరు రోజులు. రోజుకి 500 భత్యం. పొద్దున్నే బస్సెక్కి రాత్రికి ఇల్లు చేరేదాన్ని. అందరిలో నేనొక్కదాన్నే ఆడపిల్లని.

మొదటి రోజే వెండి బుట్టకమ్మకి కొక్కెం అతకమన్నారు. నేను మంటని సరాసరి అతుకు మీదే పెట్టాను. సన్నటి కొక్కెం కళ్లముందే గుండ్రంగా ముడుచుకుపోయింది, అతుకు వేయడానికి కరిగించే టంకం ముక్క మాత్రం కదల్లేదు. మాస్టారు కోప్పడలేదు. "బుట్ట మందం ఎంత, కొక్కెం మందం ఎంత? రెండిట్లో ఏది ముందు వేడెక్కుతుంది?" అని అడిగారు. శుద్ధ వెండి 961 డిగ్రీల దగ్గర కరుగుతుందని, రాగి కలిసిన వెండి అంతకన్నా ముందే కరగడం మొదలవుతుందని, టంకం ఆ రెండిటికన్నా ముందు కరిగేలా కలుపుతారని చెప్పారు. కరిగిన టంకం వేడి ఎక్కడ ఎక్కువుంటే అటు పరిగెడుతుంది. అందుకని ముందు బుట్టంతా వేడెక్కాలి, మంట దాని చుట్టూ తిరగాలి, కొక్కెం మీదకి చివర్లో రావాలి.

నాకు ఒక్కసారిగా నాన్న తల గుర్తొచ్చింది. ఊదుగొట్టం పట్టుకున్నప్పుడు ఆయన తల మెల్లగా గుండ్రంగా తిరుగుతూ ఉండేది. అది ఆయన అలవాటనుకున్నాను ఇన్నాళ్లూ!

మర్నాడు మళ్లీ పెట్టాను. టంకం బాగా పారడానికి అతుకు మీద పూసే వెలిగారం ముందు అటుకుల్లా తెల్లగా పొంగింది. కంగారుపడి మంట తీయకూడదు. ఆ పొంగు అణిగి గాజులా పల్చగా పరుచుకుంది. బుట్ట లేత ఎరుపుకి తిరిగింది. అప్పుడు టంకం ముక్క వణికి, సన్నటి మెరుపు గీతలాగా అతుకంతా పాకింది. వెంటనే మంట తీసేశాను. అంతసేపూ ఊపిరి తీసుకున్నానో లేదో నాకే తెలియదు.

నాలుగో రోజు కేడీఎం అనే కాడ్మియం టంకం గురించి చెప్పారు. అందులో కలిపే కాడ్మియం 767 డిగ్రీలకే మరుగుతుంది, అతికేటప్పుడు పొగై ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇంటికొచ్చి చెబితే నాన్న ఏమీ అనలేదు. ఏళ్ల తరబడి ఆయన మూసిన గదిలో కూర్చుని అదే వాడారు. పొద్దున నేను లేచేసరికి కుంపటీ, నగలు పెట్టి కొట్టే ఇనప దాకలీ కిటికీ దగ్గరికి జరిగి ఉన్నాయి. పాత టంకం డబ్బా అటక మీద కూడా కనబడలేదు.

పనిముట్లకిచ్చే 15,000 వోచరుతో గ్యాస్ టార్చీ, మంచి ఆకురాళ్లూ తీసుకున్నాను. పథకం ఇచ్చే అప్పు జోలికి పోలేదు, చేతిలో పని లేకుండా అప్పు చేయడం నాకు ఇష్టం లేదు.

ఇప్పుడు ఆదివారాలు ముగ్గురు ఆడపిల్లలు నేర్చుకోవడానికి వస్తున్నారు. ముందు రాగి తీగ మీదే చేయిస్తాను, పాడైనా బాధ ఉండదు. జుట్టు ముడేసుకోనిదే టార్చీ ఇవ్వను. నేను డిగ్రీలూ, మందాలూ చెబుతూ ఉంటాను. పక్కనే నాన్న మాట్లాడకుండా కూర్చుని, పిల్ల చెయ్యి తొందరపడితే మోచెయ్యి మీద వేలితో చిన్నగా తడతారు. నిజం చెప్పాలంటే వాళ్లు నా మాట కన్నా ఆ వేలినే ఎక్కువ వింటారు. నాకదే సంతోషం.

మొన్న శ్రావణమాసానికి లక్ష్మీ రూపులు అడిగారు. రెండు వెండి రూపులకి కొక్కేలు అతికే పని వాళ్లలో పెద్దమ్మాయికి ఇచ్చాను. "ఇప్పుడు తీసేయనా అక్కా?" అంది పొంగు చూసి. "ఆగు" అన్నాను. పొంగు అణిగింది, మెరుపు పాకింది. నేను నోరు తెరిచేలోపే తనే మంట తీసేసింది. నాన్న రూపుని పట్టకారుతో ఎత్తి, నీళ్లలో వేసి తీసి, కొక్కెం పట్టుకుని గట్టిగా లాగి చూశారు. తర్వాత త్రాసులో పెట్టి తూకం చీటీ మీద రాసి, కింద ఆ పిల్ల పేరు కూడా రాశారు.