కరుసెల్‌లోకి దిగిన రోజు: నా అనుభవం

జర్మనీలోని నూర్బుర్గ్‌రింగ్ పాత ట్రాక్ నార్డ్‌ష్లైఫె 1927లో మొదలైంది. 20.8 కిలోమీటర్ల దారి. పందేలు, టెస్టింగులు లేని సమయాల్లో టికెట్ కొని మామూలు జనం కూడా నడపొచ్చు. నా ధ్యాసంతా అందులోని కరుసెల్ అనే ఒక్క మలుపు మీదే.

అసలు శ్రమ కాగితాల దగ్గర పడ్డాను. మామూలు అద్దె కార్ల ఒప్పందాల్లో ఇక్కడికి తేకూడదనే షరతు ఉంటుంది. సొంత కారు ఇన్సూరెన్సులు కూడా చాలావరకు రింగ్ ప్రమాదాలకు వర్తించవు. రోడ్డు పక్క రెయిలింగు దెబ్బతింటే ఆ ఖర్చూ మనదే. అందుకే రింగ్ కోసమే సిద్ధం చేసిన కారును నూర్బుర్గ్‌లోనే అద్దెకు తీసుకుని, పక్కన ఇన్‌స్ట్రక్టర్‌ను కూర్చోబెట్టుకున్నాను. మొదటిసారి వెళ్లేవాళ్లు ఈ ఖర్చుకి వెనకాడకండి.

లోపల ట్రాఫిక్ నియమాలే నడుస్తాయి. మనం కుడివైపు ఉండాలి, దాటేవాళ్లు ఎడమ నుంచే దాటాలి. 1976లో ఫార్ములా వన్ డ్రైవర్ నికీ లౌడా కారు మంటల్లో చిక్కుకున్న చోటు దాటి, బెర్గ్‌వెర్క్ మలుపు తిరిగాక పొడుగాటి ఎక్కుడు. దాని చివర్లో కరుసెల్.

ఎడమకు తిరిగే మలుపు. లోపలి అంచున ఏటవాలు కాంక్రీటు గాడి ఉంటుంది. ఒకప్పుడు అది వాన నీటి కాలువ. ఈ ట్రాక్ మీద తొలి కార్ల పందెం గెలిచిన జర్మన్ డ్రైవర్ రుడోల్ఫ్ కరాచియోలా అందులోకి చక్రాలు దింపి వేగంగా తిరిగాడని చెబుతారు. ఇప్పుడు ఆ మలుపు పూర్తి పేరు కరాచియోలా కరుసెల్.

ఎక్కుతూ వస్తుంటే గాడి కనిపించదు. ఇన్‌స్ట్రక్టర్ మొదట వెనక వచ్చేవాళ్లు కనిపించే అద్దం చూడమన్నాడు. వెనక వేగంగా వచ్చేవాడుంటే గాడి వాడికి వదిలి, మనం పైనున్న తారు మీదే తిరగాలి. ఎవరూ లేరు. స్టీరింగ్ తిన్నగా ఉండగానే బ్రేకు వేసి, వేగం బాగా తగ్గించి దిగాను. కారు ఒక్కసారి కిందికి అణిగింది. కాంక్రీటు పలకల అతుకులు స్టీరింగ్‌లోంచి మోచేతుల దాకా కొట్టాయి. చక్రాలు మాత్రం గాడిని వదల్లేదు. ఆ పట్టు ఎంత గట్టిదో చూస్తే తెలియదు, దిగితేనే తెలుస్తుంది.

బయటికి రావడానికి తొందరపడకూడదు. ముందే లాగితే కారు బయటి అంచుకి విసురుకుపోతుంది. కాంక్రీటు చివరి దాకా ఆగి, అప్పుడు యాక్సిలరేటర్ నొక్కి కుడికి వదిలాను. ముందు హోహె అఖ్ట్ అనే ఎక్కుడు, మళ్లీ అద్దం చూసుకోవాలి.