శూర్పణఖ ముక్కు

పదకొండున్నరైంది. నిద్ర రావట్లేదు. హాల్లో టీవీ పక్కన మేకుకి వేలాడుతున్న ఆ శూర్పణఖ మాస్కు మొహమే కారణం.

సాయంత్రం పైఇంటి పిన్నిగారు వచ్చి, కళ్ళజోడు సర్దుకుని, "ఆ ముక్కు చూడవే, ఎంత తీరుగా వచ్చిందో! నీ చేతిలో ఇంత పనితనం ఉందని నాకు తెలీదు సుమా" అన్నారు. నవ్వి ఊరుకున్నాను. ఆ ముక్కు నేను పెట్టింది కాదు.

అస్సాంలో మాజులీ నుంచి వచ్చి ఐదు రోజులే. డిసెంబరు సెలవులకి అందరూ అండమాన్ వెళ్తే మేం బ్రహ్మపుత్ర మధ్య లంకకి వెళ్ళామని మా ఆయన ఇంకా నలుగురికీ చెప్పుకుంటూనే ఉన్నారు. ముందు వద్దన్నది ఎవరో మీకు తెలుసుగా. జోర్హాట్ దగ్గర నిమాతీ ఘాట్‌లో పడవెక్కాలి. బైకులు, కార్లు, సంచులు, మేము, అన్నీ ఒకే పడవలో. పొగమంచుకి రెండు గంటలు కదల్లేదది. ఆ గట్టు కూడా ఎక్కడుంటే అక్కడే ఉండదట, ఏరు కోసుకుపోతుంటే జరుపుతూ ఉంటారట. సాయంత్రం నాలుగున్నరకే చీకటి. చిన్నోడికి వైఫై లేదని ఏడుపు, నాకు కాళ్ళు గడ్డకడుతున్నాయని.

అత్తయ్యగారు ఫోన్లో "సత్రంలో దిగారేంటి, హోటలు దొరకలేదా?" అన్నారు. వాళ్ళ సత్రమంటే అస్సాం వైష్ణవ గురువు శంకరదేవుడి సంప్రదాయంలో వచ్చిన వైష్ణవ మఠమని, మేం దిగింది అందులో కాదని చెప్పేసరికి నా ఛార్జింగ్ అయిపోయింది. ఉత్తర కమలాబారి సత్రంలో కుర్రాళ్ళు మృదంగంలాంటి ఖోల్ వాయిస్తూ తెల్లటి బట్టల్లో ఆడుతుంటే అరగంట కన్ను తిప్పలేదు నేను. ఆ సత్రియ నాట్యానికి 2000లో గానీ శాస్త్రీయ నృత్యమని గుర్తింపు రాలేదట. మన కూచిపూడిలోలాగే అక్కడా మగవాళ్ళే ఆడవేషాలు కట్టేవారు. దీని గురించి ఇంకోసారి రాస్తాను, ఇవాళ ముక్కు సంగతి.

సామగురి సత్రంలో ముఖౌటాలు, అంటే నాటకాల్లో పెట్టుకునే మాస్కులు, చూశాం. 2023లో పద్మశ్రీ వచ్చిన హేమచంద్ర గోస్వామిగారు అక్కడివారే. పూతన, గరుత్మంతుడు, దవడ కదిలే రాక్షసులు. అది చూశాక నేనూ ఒకటి చేస్తానని పట్టుబట్టాను. వేరే చోట ఒకాయన ఇంట్లో నేర్పుతారంటే వెళ్ళాం. ఎవరి మొహం కావాలి అన్నారు. శూర్పణఖ అన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు.

వెదురు బద్దలతో అల్లిన గూడు, మీద మట్టినీళ్ళలో ముంచిన గుడ్డ, అంతవరకూ వాళ్ళే చేసిపెట్టారు. నా పని మట్టీ పేడా కలిపిన ముద్దతో కనుబొమ్మలు, బుగ్గలు, ముక్కు పెట్టడం. పేడ వాసన రాదు, చల్లగా, వెన్నలా ఉంటుంది. రెండు గంటలు కూర్చున్నాను. ముక్కు ఎన్నిసార్లు పెట్టినా ఎడమపక్కకి వాలిపోతోంది. చివరికి బంగాళదుంపలా ఒకటి నిలబడింది. నా ముక్కు అది! ఎండాలి, మూడో రోజు రమ్మన్నారు.

మూడో రోజు వెళ్తే కోటేరు ముక్కు. ఆయన దగ్గర పనిచేసే కుర్రాడు, పదహారేళ్ళుంటాయేమో, ముందురోజు వెదురుబద్దతో గీకి సరిచేశాడట. సిగ్గుపడుతూ నవ్వాడు. పద్ధతిగా రంగులేసుకుని, చెయ్యెత్తి దణ్ణం పెట్టి వచ్చేశాను. నా కోపం అతని మీద కాదు. మా ఆయన మీద. ముందురోజు సాయంత్రం అటు నడకకి వెళ్ళి, ఆ కుర్రాడు గీకుతుంటే పక్కన నిలబడి చూసి, వచ్చి నాకు చెప్పలేదు! "పోన్లే, బాగా వచ్చిందిగా. ముక్కే కదా." ముక్కే కదాట. శూర్పణఖకి ముక్కు కాక ఇంకేముందండీ?

ఇలాంటిదే ఇంకోటి ఉంది. ఆరో తరగతి. అమ్మమ్మగారి ఊరు, రావులపాలెం అవతల లంక. వినాయకచవితికి ముందురోజు కాలవ గట్టు మట్టి తెచ్చి, అరుగు మీద కూర్చుని నేనే బొమ్మ చేశాను. గురివింద గింజలు కళ్ళు. తొండం మాత్రం గుమ్మడితీగలా ఎటో పోయింది. తెల్లారి లేచేసరికి తొండం చక్కగా కుడివైపు తిరిగి, చివర చిన్న ఉండ్రం కూడా పట్టుకునుంది. తాతయ్య ఊళ్ళోవాళ్ళందరినీ పిలిచి చూపించారు. మావయ్య స్తంభానికి ఆనుకుని పుల్ల నములుతూ నావైపు చూడకుండా నవ్వుతున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరూ చూడనప్పుడు వెళ్ళి బొటనవేలితో తొండాన్ని నొక్కాను. ఫట్‌మని ఊడొచ్చింది. అమ్మమ్మ అపశకునమని గోల. అమ్మ వీపు చిట్లగొట్టింది. మావయ్య మాత్రం ఏమీ అనకుండా తడిమట్టి తెచ్చి మళ్ళీ అతికించాడు. రెండోసారి అతికిన తొండం మొదటిదానికన్నా బాగుంది, అదీ నా బాధ. పూజంతా దానివైపు చూడలేదు.

ఇంతవరకూ రాసి మంచినీళ్ళు తాగొచ్చాను. చదువుకుంటే కొంచెం నవ్వొచ్చింది. గూడు నేనల్లలేదు, గుడ్డ నేను పరవలేదు, అప్పుడు "ఇది నాది కాదు" అనిపించలేదేం? అక్కడ ఒక్క ముఖౌటా మీదా నాకు పేరు కనపడలేదు. ఒకరు అల్లితే ఇంకొకరు మట్టిపెడతారు, వేరొకరు రంగేస్తారు. మధ్యలో నా ముక్కుకి మాత్రం సంతకం కావాలా?

ఊహూఁ, అలా కూడా కాదు. మాజులీలోనే సాల్మోరా అనే ఊళ్ళో సారె లేకుండా చేత్తోనే కుండలు చేసే ఒకావిడ నాకూ ముద్ద ఇచ్చింది. నేను చేసిన గిన్నె చూసి పడీపడీ నవ్వి, నా కళ్ళ ముందే నలిపి మళ్ళీ మట్టిలో కలిపేసింది. దానికి నాకు ఇసుమంత బాధ లేదు. సరిచేస్తే మంట, చెరిపేస్తే హాయి. ఏం మనిషినో.

అత్తయ్యగారు మాత్రం వచ్చిన రోజే "లంకకెళ్ళి శూర్పణఖని తెచ్చుకున్నావా, సరే" అని లోపలికెళ్ళిపోయారు. చిన్నోడైతే "ముక్కుందంటే లక్ష్మణుడు ఇంకా రాలేదన్నమాట" అన్నాడు. ఈ ఇంట్లో ఆ ముక్కుని మెచ్చుకోనిది వాళ్ళిద్దరే, వాళ్ళ మీద ప్రేమ పెరిగిపోయింది.

రేపు పిన్నిగారు కోడల్ని తీసుకొస్తానన్నారు చూపించడానికి. మొదటిరోజు ఫొటో ఒకటి ఫోన్లో ఉంది, బంగాళదుంపతో. ఇప్పుడే పెద్దది చేసి చూశాను. నిజంగానే ఘోరంగా ఉంది, జలుబు చేసిన మా ఆయనలా. అయినా వాళ్ళకి ఇదే చూపిస్తాను. పొద్దున్నకి మనసు మారకపోతే.