అయిదు కారణాల్లో 'నేను' ఒకటి

అధిష్ఠానం తథా కర్తా కరణం చ పృథగ్విధమ్ |
వివిధాశ్చ పృథక్చేష్టా దైవం చైవాత్ర పంచమమ్ || (భగవద్గీత 18-14)

ఏ పని జరగాలన్నా అయిదు కారణాలు కలవాలంటున్నాడు కృష్ణపరమాత్మ. అధిష్ఠానం శరీరం. కర్త 'నేను చేస్తున్నాను' అనుకునే జీవుడు. కరణాలను శంకరులు పన్నెండన్నారు: పది ఇంద్రియాలు, మనస్సు, బుద్ధి. చేష్టలంటే ప్రాణాపానాది వాయువుల కదలికలు. అయిదోదైన దైవం, ఇంద్రియాలను అనుగ్రహించే ఆదిత్యాది దేవతలని శంకరులు, అంతర్యామి అయిన పరమాత్మేనని రామానుజులు వ్యాఖ్యానించారు.

విష్ణు సహస్రనామ పారాయణే చూడండి. "తడబడకుండా చదివాను" అని చెప్పుకుంటాం. అంతసేపు కూర్చోనిచ్చింది శరీరం. అక్షరాన్ని పట్టింది కన్ను, పలికింది నాలుక, తరువాతి నామాన్ని అందించింది మనస్సు. పాదం మధ్యలో ఊపిరి తెగలేదు. కాస్త జలుబు చేసిందంటే నిన్న పలికిన శ్లోకమే ఇవాళ గొంతు దాటదు. ఇంతమంది కలిసి చేసిన పనికి తానొక్కడే కర్తననుకునేవాణ్ణి 16వ శ్లోకంలో స్వామి 'దుర్మతి' అనేశాడు. చాలా గట్టి మాట అది.

దీన్ని సాధనలో పెట్టుకోవాలంటే, రాత్రి పడుకునే ముందు ఆ రోజు నలుగురికీ గొప్పగా చెప్పుకున్న పని ఒక్కటే తీసుకుని, అయిదింటిలో దేని వంతు ఎంతో చూసుకోవాలి. నాలుగైదు పనులు ముందేసుకుంటే విచారణ పైపైనే తేలిపోతుంది. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు, నెగ్గినదాన్ని మన ఖాతాలో, చెడినదాన్ని దైవం ఖాతాలో రాయడం. న్యాయమైన పనికైనా, విపరీతమైన పనికైనా హేతువులు ఈ అయిదేనని 15వ శ్లోకం తేల్చేసింది. కోపంలో జారిన మాటనూ ఇలాగే విప్పి చూసుకోవాలి. అలాగని "అంతా ఆయనే" అంటూ చెయ్యాల్సింది మానేస్తే కుదరదు. కర్తను స్వామి లెక్కలోంచి తీసెయ్యలేదు కదా!

పూజ చివర చెప్పే "కాయేన వాచా మనసేంద్రియైర్వా" శ్లోకంలోనూ దాదాపు ఈ లెక్కే ఉంది. హారతి అయ్యేసరికి ధ్యాస ప్రసాదం మీదికి పోయి, దాన్ని గబగబా అనేస్తాం. కుడి అరచేతిలో అక్షతలు, ఉద్ధరిణెడు నీళ్లు ఉంచుకుని, 'కాయేన' అన్నప్పుడు శరీరాన్ని, 'వాచా' అన్నప్పుడు మాటను తలచుకుంటూ ఆగి ఆగి చెప్పండి. 'నారాయణాయేతి సమర్పయామి' అన్నాకే వేళ్ల కొసల మీదుగా పళ్లెంలోకి వదలండి. సమయం లేకపోతే షోడశోపచారాలకు బదులు పంచోపచారాలతో సరిపెట్టుకోవచ్చు. ఈ సమర్పణను మాత్రం తొందరపెట్టకండి.