సముద్రం లేని ఊళ్లో స్నార్కెల్ షాపింగ్

అండమాన్‌లో స్నార్కెల్ (నీళ్లలో ముఖం ముంచి తేలుతూ ఊపిరి పీల్చే గొట్టం) అద్దెకిస్తారు కదా, హైదరాబాద్‌లో కొనడమెందుకని ఇంట్లో ఒకటే నవ్వులు. ఎవరెవరి నోట్లోనో పెట్టుకున్న గొట్టం నాకు పడదు. పైగా నాకు మైనస్ పవర్. కళ్లద్దాల మీద, కళ్లూ ముక్కూ కప్పే అద్దాల మాస్క్ పెడితే పక్కల సందుల్లోంచి నీళ్లు వచ్చేస్తాయి.

గచ్చిబౌలి వైపు ఒక స్పోర్ట్స్ షాపులో ముందు ముఖమంతా కప్పే మాస్క్ చూపించారు. ముక్కుతోనే ఊపిరి తీసుకోవచ్చట. వద్దన్నాను. నాసిరకం వాటిలో మనం వదిలిన కార్బన్ డయాక్సైడ్ లోపలే పేరుకునే ప్రమాదం ఉంది. కంగారులో చటుక్కున ఊడదీయడమూ కష్టమే.

మామూలు మాస్క్‌కి పరీక్ష తేలిక. పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి, ముక్కుతో కాస్త గాలి పీల్చి చెయ్యి వదలాలి. అతుక్కుని ఉంటే మన ముఖానికి సరిపోయినట్టే. నాకు మీసం దగ్గర గాలి దూరింది. "ట్రిమ్ చేయించుకోండి సార్" అన్నాడు సేల్స్ కుర్రాడు. చేయించాను, అండమాన్ కోసం ఆ మాత్రం తప్పదు! చివరికి సిలికాన్ అంచుతో, పవర్ అద్దాలు అమర్చుకునే మోడల్ తీసుకున్నాను.

గొట్టం పొడుగైతే మంచిదనుకుంటాం గానీ, 40 సెంటీమీటర్లు దాటితే వదిలిన గాలినే మళ్లీ పీలుస్తాం. కొన్నిటికి పైన తేలే మూత ఉంటుంది, నీళ్లు రాగానే మూసుకుంటుంది. అందులో ఇసుక ఇరుక్కుంటే తంటా. నేను తుంపర్లను ఆపే తొడుగు, కింద నీళ్లు పోయే వాల్వ్ ఉన్నది తీసుకున్నాను. వీటన్నిటికంటే నోట్లో పెట్టుకునే ముక్క మెత్తగా ఉండటం ముఖ్యం. గట్టిదైతే కాసేపటికే దవడలు పీకుతాయి.

కొత్త అద్దం లోపల టూత్‌పేస్ట్ రుద్ది కడిగితే ఆవిరి పట్టడం తగ్గుతుంది. తర్వాత మా అపార్ట్‌మెంట్ పూల్‌లో, లోతులేని వైపు, గొట్టంలో నీళ్లు నింపుకుని ఒక్క ఊదుతో బయటికి చిమ్మడం ప్రాక్టీస్ చేశాను. పిల్లలు చుట్టూ చేరి చప్పట్లు కొట్టారు.

అండమాన్ చేరి, అక్కడి స్వరాజ్ ద్వీప్‌లోని ఎలిఫెంట్ బీచ్‌లో తల ముంచగానే టెన్షన్ అంతా పోయింది. నీళ్లలో చేపలు అసలు సైజు కంటే మూడో వంతు పెద్దవిగా కనిపిస్తాయి. పారట్ ఫిష్ పగడపు రాయిని కొరుకుతుంటే కరకరమని వినిపించింది, మరమరాలు నములుతున్నట్టు! పగడాల మీద కాలు పెట్టకూడదు కాబట్టి తేలుతూనే ఉండిపోయాను. ఆ ధ్యాసలో వీపు ఎండకు కమిలిపోయింది. ఈసారి ఫుల్ హ్యాండ్స్ స్విమ్ టీషర్ట్ కొనాలి.