గోపాల్‌పూర్ ఇసుకలో కుక్క ఫొటో: ముందు బొచ్చు రంగు చూడండి

ఒడిశాలోని బరంపురంలో ఎవరైనా పెంపుడు కుక్కకి మంచి ఫొటోలు తీయిద్దామనుకోగానే గోపాల్‌పూర్ పేరే ఎత్తుతారు. సముద్రం ఉంది, లైట్‌హౌస్ ఉంది, పదిహేను కిలోమీటర్లు పోతే చాలు. కానీ ఆ ఒడ్డు అన్ని కుక్కలకీ నప్పదు. చోటు ఎంత బాగుందన్నది తర్వాత. ముందు కుక్క బొచ్చు ఏ రంగో చూడాలి. చోటు, వేళ, కెమెరా సెట్టింగు మూడూ దాన్నిబట్టే తేలతాయి.

గోధుమ రంగు నాటు కుక్కను ఇసుకలో కూర్చోబెడితే ఒళ్ళంతా ఇసుకలో కలిసిపోతుంది, కళ్ళూ ముక్కూ తప్ప ఏమీ తేలవు. దానికి వెనకాల పచ్చదనం కావాలి. ఒడ్డు వెనక సరుగుడు తోటలున్నాయి, ఊళ్ళ వైపు జీడితోటలున్నాయి. గంజాం జిల్లాకి పేరు తెచ్చిన మొగలి డొంకలు కూడా వెనకాల బాగుంటాయి గానీ, ఆ ఆకుల అంచుల నిండా ముళ్ళే. కుక్క తల దూర్చిందంటే కళ్ళకి గీసుకుంటాయి. మూడు నాలుగు మీటర్లు ఎడంగా కూర్చోబెట్టండి. ఆ దూరం వల్ల డొంక చక్కగా బ్లర్ కూడా అవుతుంది.

తెల్ల పామరేనియన్‌ది వేరే సంగతి. పచ్చికలో కూర్చోబెడితే గడ్డి మీద పడిన ఎండ పైకి కొట్టి, గడ్డం కింద, ఛాతీ మీద బొచ్చుకి ఆకుపచ్చ చాయ అంటుకుంటుంది. ఎడిటింగ్‌లో దాన్ని వదిలించబోతే చుట్టూ ఉన్న పచ్చిక రంగు కూడా పాడవుతుంది. ఇలాంటి కుక్కకి ఇసుకే మేలు. ఇసుక కింది నుంచి వెలుగును పైకి పంపి మొహం మీది నీడల్ని పల్చన చేస్తుంది.

నల్ల లాబ్రడార్‌ని ఎండలో తీయకండి. అక్కడక్కడా తళుకు తప్ప బొచ్చు కనపడదు. సరుగుడు తోట అంచున, నీడ మొదలయ్యే చోట, మొహం ఆరుబయలు వైపు ఉండేలా కూర్చోబెట్టండి. ఆకాశం కళ్ళలో పడి చిన్న మెరుపు వస్తుంది. నల్ల కుక్క ఫొటోకి ప్రాణం ఆ మెరుపే. తోట లోపలికి పోయే కొద్దీ అది మాయమై, మొహం మీద ఎండ మచ్చలు మచ్చలుగా పడుతుంది. వరసగా నాటిన చెట్లు కాబట్టి ఏదో ఒక మాను కుక్క నెత్తిన మొలిచినట్టు కనిపిస్తుంది కూడా. అరడుగు పక్కకి జరిగి చూసుకోండి.

వేళ సంగతి. ఇక్కడ సూర్యోదయం డిసెంబరు చివర్లో 6.20 ప్రాంతంలో, జూన్‌లో 5.15కల్లా. పొద్దు పొడిచేది సముద్రం వైపే. కాబట్టి ఉదయం సముద్రం వెనకాల పెట్టి తీస్తే కుక్క మొహం చీకటిగా వస్తుంది. మొహం మీదా వెలుగు ఉండాలి, వెనకాలా సముద్రం ఉండాలి అనుకుంటే సాయంత్రం వెళ్ళండి. డిసెంబరులో 5.15 దాటగానే పొద్దు గూకుతుంది, నాలుగింటికల్లా అక్కడుండాలి.

ఇక కెమెరా. ఎక్కువమంది బోల్తాపడేది ఎక్స్‌పోజర్ దగ్గర, అంటే ఫొటోకి ఎంత వెలుగు అందాలన్న దగ్గర. ఫ్రేమ్ నిండా నల్ల బొచ్చే ఉంటే కెమెరా అంతా చీకటనుకుని వెలుగు పెంచేస్తుంది, నలుపు కాస్తా బూడిద రంగవుతుంది. అప్పుడు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఆ వెలుగును మనం పెంచే, తగ్గించే సెట్టింగు) మైనస్ 0.7 నుంచి మైనస్ 1 దాకా పెట్టాలి. అదే కుక్క ఇసుక మధ్యలో చిన్నగా కనిపిస్తుంటే కెమెరా ఇసుకనే చూసి వెలుగు తగ్గిస్తుంది, కుక్క బొగ్గుముద్ద అవుతుంది. ఇప్పుడు ప్లస్ 1 కావాలి. నల్ల కుక్కకి మైనస్ అని బట్టీపట్టి పోతే సగం ఫొటోలు పోయినట్టే. తెల్ల కుక్క ఫ్రేమ్ నిండా ఉంటే ప్లస్ 0.7తో మొదలుపెట్టి, ఛాతీ దగ్గర బొచ్చు పోగులు కనిపిస్తున్నాయో లేదో స్క్రీన్ మీద పెద్దది చేసి చూడండి. తెలుపు ఒకసారి తేలిపోయిందంటే రా ఫైల్లోనూ (కెమెరా కుదించకుండా దాచే ఫైలు) తిరిగి రాదు.

ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సరున్న) కెమెరా మీద 85 ఎంఎం లెన్సు, ఎఫ్ 1.8 (లెన్సు ఎంత తెరుచుకోవాలో చెప్పే అంకె), రెండు మీటర్ల దూరం అయితే స్పష్టంగా వచ్చే లోతు ఆరు సెంటీమీటర్లే. కంటికి ఫోకస్ చేస్తే లాబ్రడార్ ముక్కు అలుక్కుపోతుంది. మూడు మీటర్లకి జరిగి ఎఫ్ 2.8 పెడితే ఆ లోతు ఇరవై సెంటీమీటర్లు దాటుతుంది, మూతి మొత్తం నిలుస్తుంది. ఫోకస్ మనకి దగ్గరగా ఉన్న కంటి మీదే. కూర్చున్న కుక్కకి షట్టర్ వేగం 1/250 సెకను చాలు, పరుగుకి 1/1600 కావాలి. కెమెరా కుక్క కళ్ళ ఎత్తులో ఉండాలి. గోనెపట్టా పరుచుకుని బోర్లా పడుకోవడమే. ఫోన్‌తో తీసేవాళ్ళు పోర్ట్రెయిట్ మోడ్ ఆపేసి, రెండు మూడు రెట్ల జూమ్ లెన్సు పెట్టుకుని వెనక్కి జరగండి. ఆ మోడ్ మీసాల్నీ చెవి అంచు వెంట్రుకల్నీ నేపథ్యంతో పాటు చెరిపేస్తుంది.

కుక్కకి రెండు మూడు గంటల ముందు నుంచి తిండి పెట్టకండి. ఉప్పూకారం లేకుండా ఉడికించిన చికెన్ శనగగింజంత ముక్కలుగా కోసి తెండి. వెళ్ళగానే కెమెరా తీయొద్దు, పావుగంట వాసనలు చూడనివ్వండి. ఇక్కడి ఇళ్ళలో ఇంకో చిక్కుంది. అమ్మ తెలుగులో పిలుస్తుంది, పక్కింటి పిల్లలు ఒడియాలో, నేర్పించినాయన ఇంగ్లీషులో. కుక్క ఏ మాటకి కూర్చుంటుందో ముందే అడిగి, ఒక్కరే పిలిచేలా చూడండి.

రొప్పుతున్న కుక్కని తీస్తే నాలుకే కనిపిస్తుంది. నీడకి తీసుకెళ్ళి నీళ్ళు తాగించి, ఊపిరి కుదుటపడ్డాక ఎన్నడూ వినని చప్పుడు ఒకటి చెయ్యండి. నోరు టక్కున మూసుకుంటుంది, చెవులు ముందుకి నిక్కుతాయి, తల కాస్త పక్కకి వాలుతుంది. అర క్షణమే. అందుకే చప్పుడుకి ముందే బర్స్ట్ (వరసగా ఫొటోలు తీసే మోడ్) మొదలుపెట్టాలి. రెండు మూడు సార్లయ్యాక కుక్క ఆ చప్పుడు పట్టించుకోదు, కాబట్టి వెలుగు, ఫోకస్ అన్నీ కుదిరాకే వాడండి. పదే పదే మూతి నాక్కుంటున్నా, ఆవలిస్తున్నా, కంటి తెల్లగుడ్డు కనిపిస్తున్నా దానికి ఇబ్బందిగా ఉందని అర్థం. ఆ పూటకి ఆపేయండి.

తాడు విప్పొద్దు. అలికిడికి బెదిరిందంటే దొరకదు, ఒడ్డున తిరిగే కుక్కలు కూడా ఊరుకోవు. సన్నటి తాడు కట్టి, ఛాతీకి అడ్డం రాకుండా పక్కకి లాగి పట్టుకోమనండి. కెమెరా కదపకుండా, కుక్కా మనిషీ లేని ఖాళీ ఫ్రేమ్ ఒకటి తీసుకుంటే ఎడిటింగ్‌లో తాడు చెరపడం సులువు.

రుషికుల్య నది సముద్రంలో కలిసే చోటుకి, పొదంపేట వైపుకి మాత్రం ఫిబ్రవరి నుంచి మే దాకా కుక్కని తీసుకెళ్ళకండి. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టేది ఆ ఇసుకలోనే. ఆ గుడ్లలోంచి పిల్లలు రావడానికి నెలన్నర పైనే పడుతుంది. కుక్క వాసన పట్టి తవ్విందంటే ఆ గూడు పోయినట్టే. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద ఇవి షెడ్యూల్ 1 జీవులు (అన్నిటికన్నా ఎక్కువ రక్షణ ఉన్నవి) కూడా. ఏ ఫొటో కోసమూ అంత నష్టం చేయకూడదు.

తెప్పలు లాగే చోట చేపల గాలాలు, వల ముక్కలు పడి ఉంటాయి, అటు పోనివ్వకండి. ఇసుక మీద ఏడు సెకన్లు అరచేతి వెనక వైపు ఆనించలేకపోతే కుక్క పాదాలకీ అది వేడే. రెండు లీటర్ల మంచినీళ్ళు వెంట ఉంచుకోండి. దాహం వేసి సముద్రపు నీళ్ళు తాగితే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. తిరిగొచ్చాక పాదాలూ పొట్టా మంచినీళ్ళతో కడిగి, వేళ్ళ సందులు ఆరబెట్టండి. లెన్సు మీది ఉప్పు తుంపర్లని పొడిగుడ్డతో రుద్దితే గీతలు పడతాయి. ముందు బ్లోయర్‌తో ఇసుక ఊదేసి, తర్వాత తడిగుడ్డతో తుడవండి.