ఊదకు నేను చేసిన ఉపకారం

ఆదివారం. పొద్దున్నే అమ్మతో పొలానికి వెళ్లాను. నాట్లు వేసి నెల కావస్తోంది, కలుపు తీస్తున్నారు. గట్టు మీద ఊరికే నిలబడడం బాగుండదని ప్యాంటు మడిచి నేనూ ఒక మునుం, అంటే కలుపు తీసే వరస, పట్టాను.

తుంగ ఫరవాలేదు, మూడు పలకల కాడ చేతికే తెలిసిపోతుంది. చిక్కంతా ఊద గడ్డితోనే. లేతగా ఉన్నప్పుడు అచ్చం వరే. నా గుప్పిట్లోది చూసి పక్క మునుంలోని అత్త నవ్వింది. "ఇందులో సగం వరే అల్లుడూ!" ఆకు కాడను వదిలి విడిపోయే చోట గోటితో విప్పి చూపించింది. వరికి అక్కడ పల్చటి పొర నాలుకలా లేచి ఉంటుంది. ఊదకు ఏమీ ఉండదు, నున్నగా ఉంటుంది.

"ప్రతి మొక్కనూ ఇలా చూసి పీకాలా?"

"నేను చూస్తున్నానా?"

నిజమే. ఆమె చూపు కన్నా చేయే ముందు వెళ్తోంది.

కాలువ పక్కన పెరిగే ఊద జాతి గడ్డి ఇంత బుద్ధిగా ఉండదు. మొదలు ఎర్రగా, పిలకలు నేలకు వాలి ఉంటాయి. మడిలోది మాత్రం పచ్చటి మొదలుతో నిటారుగా నిలబడుతుంది. ఈ వేషం దానికి వేసింది కలుపు తీసే చేతులే. ఎర్ర మొదలు కనబడితే పీకేశాయి. వరిలా ఉన్నది తప్పించుకుని గింజ రాల్చింది. ఏటేటా ఇదే ఏరివేత. చైనాలోని యాంగ్సీ నది పరీవాహకంలో ఈ పోలిక సుమారు వెయ్యేళ్ల క్రితం మొదలైందని 2019లో జన్యు పరిశోధన తేల్చింది. దీన్ని వావిలోవ్ అనుకరణ అంటారు. గోధుమ చేలలో కలుపుగా బతికిన రై అనే ధాన్యం, గోధుమను పోలీ పోలీ చివరికి తానే పంటయిందని చెప్పినవాడు రష్యా వృక్షశాస్త్రవేత్త నికోలాయ్ వావిలోవ్. దేశదేశాలు తిరిగి విత్తనాలు పోగుచేసిన ఆ మనిషి 1943లో సరాతోవ్ జైలులో తిండి చాలక చనిపోయాడు. అది గుర్తొచ్చి కాసేపు చేయి ఆగింది. అసలే వెనకబడ్డాను, ఇంకా వెనకబడ్డాను.

రాత్రి ఊదల ఉప్మా. నాన్నకు షుగరని పట్నం నుంచి నేనే తెచ్చిన ప్యాకెట్టు. అవి మడిలోని ఊద గింజలు కావు, దాని చుట్టాలు. అత్తతో చెబితే, "మేము పీకి గట్టున పడేసేదాన్ని మీరు కొనుక్కుని తింటారా!" అని బుగ్గలు నొక్కుకుంది.

నేను ఇంటికి వచ్చేశాక నా మునుం మళ్లీ తీసిందట. అయినా ఒకటో రెండో మిగిలే ఉంటాయి, బాగా వరిలా ఉన్నవి.